తన వంతుకొచ్చిన వాక్యం

టీచరమ్మ పుస్తకాలు పంచే వేళకి ఆమె ఇంకా తడి గొడుగు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూస్తూనే ఉంది. కుర్చీ పక్కన పెడితే పక్కవాళ్ల చెప్పులు తడుస్తాయి, తలుపు దగ్గర పెడితే పోయినసారిలా ఎవరిదో విరిగిన గొడుగు తన చేతికొచ్చి తనది ఎవరింటికో పోతుంది. చివరికి మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, చేతులు రుమాలుకి తుడుచుకుని, ఒళ్లో పడ్డ సన్నటి పుస్తకాన్ని ఇటు తిప్పింది. అట్ట మీద తమ్ముడు.

గడ్డం కింద చెయ్యి ఆనించుకుని ఎటో దూరంగా చూస్తున్నాడు. ఫొటో తీసినవాళ్లు అలా కూర్చోమని ఉంటారు, లేకపోతే వాడి చేతులు ఒకచోట ఎప్పుడున్నాయి గనక. ఎప్పుడూ చొక్కా గుండీలు మెలితిప్పుతూ ఉండేవాడు. ఆమె కుట్టేది, వాడు తెంపేవాడు, మళ్లీ కుట్టేది. ఫొటోలో చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. ఎవరు కుట్టారో. ఫొటో కింద తెల్లటి అక్షరాల్లో ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది: ఒక గొప్ప నాటకకర్త జీవితం. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం, తేలిక మాటల్లో. లోపల పేజీకొక బొమ్మ, బొమ్మ కింద నాలుగైదు పొట్టి వాక్యాలు. ఒక్కో వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఊపిరి చాలనివాళ్ల కోసం రాసినట్టుంది. ఇవే వాక్యాలు వాడి చిన్నప్పుడు దొరికి ఉంటే బాగుండేది అనుకుంది, అనుకుని, ఎవరైనా తన మొహం చూస్తున్నారేమోనని తలెత్తింది. ఎవరూ చూడటం లేదు. అందరూ ఎవరి పుస్తకంలో వాళ్లు బొమ్మలు చూసుకుంటున్నారు.

గ్రంథాలయం మేడ మీద గది ఇది. లాడంలా వంపు తిరిగిన వరసలో కుర్చీలు, గోడ మీద రంగు వెలిసిన ప్రపంచ పటం, తిరిగినంతసేపూ ఏదో సణుగుతూ ఉండే ఫ్యాను. వారానికొక మధ్యాహ్నం పెద్దవాళ్లకి ఇంగ్లీషు పాఠం. ఈ వయసులో ఇంగ్లీషు దేనికండీ అని కింది వాటా ఆవిడ అడిగితే ఊరికే అంది. అసలు సంగతి వేరు. పాఠం మొదట్లో టీచరమ్మ ఒక్కొక్కరి వైపే తిరిగి ‘హౌ ఆర్ యూ’ అంటుంది. అని, ఆగుతుంది. జవాబు పూర్తయ్యేదాకా ఆగుతుంది. వారం మొత్తంలో ఆమెని ఎలా ఉన్నావని అడిగి, విన్నాకే కదిలే మనిషి ఇంకొకరు లేరు. మొదట్లో ‘ఐ యామ్ ఫైన్’ అని ఊరుకునేది. తర్వాత్తర్వాత ఇంట్లోనే మాటలు కూర్చుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఐ యామ్ ఫైన్, బట్ మై నీ ఈజ్ నాట్ ఫైన్. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆ వారానికి సరిపోయింది. ఇంటాయన మాట పొదుపు మనిషి, హోటల్లో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, రోజంతా ఆ హోరులో ఉండి వచ్చి ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. అయినా ఆయన ఉన్నప్పటి నిశ్శబ్దంలో దగ్గు ఉండేది, కంచం చప్పుడు ఉండేది. ఆయన పోయాక వచ్చిన నిశ్శబ్దం వేరే జాతిది.

“అక్కా, ఆ గొడుగు నా కుర్చీ కిందకి తోసెయ్. నా చెప్పులు ఎలాగూ తడిసే ఉన్నాయి,” అన్నాడు పక్క కుర్చీలోని బస్సు డ్రైవరు. బస్సెక్కే ప్రతి ఆడమనిషీ ఆయనకి అక్కే, వయసుతో పని లేదు. క్లాసుకి వచ్చిన తొలిరోజు ఆయన అక్కా అని పిలిస్తే ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరో వచ్చారనుకుని.

“నో తెలుగు ప్లీజ్,” అంది టీచరమ్మ నవ్వుతూ. ఈ గంటలో తెలుగు వద్దు, అదొక్కటే ఇక్కడ నియమం. వరసగా ఒక్కొక్కరు ఒక్కో పేరా పైకి చదవాలి. ఆ చివర మందుల దుకాణం అమ్మాయి మొదలుపెడుతుంది, తర్వాత కొత్తగా పెళ్లయిన జంట, వాళ్ల తర్వాత డ్రైవరు, ఆయన తర్వాత ఆమె. ఎప్పటిలాగే ఆమె ముందుగానే వేలు పెట్టి తన వంతుకి ఏ పేరా వస్తుందో చూసుకుంది. అందులో నోరు తిరగని మాటలేమైనా ఉన్నాయేమోనని వెతుక్కోవడం, మనసులో రెండుసార్లు అనుకోవడం ఆమెకి అలవాటు. ఈసారి నోరు తిరగని మాట ఒక్కటీ లేదు. అన్నీ తెలిసిన మాటలే. హి హ్యాడ్ నో బ్రదర్స్ ఆర్ సిస్టర్స్. అతనికి అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు.

వేలు అక్కడే ఉండిపోయింది. మందుల దుకాణం అమ్మాయి చదవడం మొదలుపెట్టింది, గబగబా, చీటీ చూసి మందుల పేర్లు చదివినట్టు. పుస్తకం నాటకం ఆడిన తొలి సాయంత్రంతో మొదలైంది. హాలు నిండిపోయింది. తెర లేచింది. రంగస్థలం మీద ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒంటరిగా ఒక పిల్లవాడు. జనం ఏడ్చారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నుంచి అతను గొప్పవాడు. నిజమే, జనం ఏడ్చారు. ఆమె చివరి వరసలో, స్తంభం అడ్డొచ్చే సీట్లో కూర్చుంది, మెడ పక్కకి వంచి చూసింది. తెర లేవగానే చూస్తే అది వాళ్ల ఇల్లే. సందు వైపు కిటికీకి పగిలిన అద్దం బదులు అతికించిన అట్టముక్కతో సహా, నాన్న బల్లలకీ కుర్చీలకీ వేసే వార్నిష్ డబ్బాల మీద ఎండిపోయిన చారికలతో సహా. నాన్న వచ్చాడు, దగ్గాడు, కుర్చీ తిరగేసి గరుకు కాగితంతో రుద్దాడు. పిల్లవాడు వచ్చాడు. ఇక నేనొస్తాను అనుకుంది ఆమె. జడ ఎలా వేసి ఉంటారో, ఎవరిని పెట్టి ఉంటారో, లావుపాటి పిల్లని పెట్టలేదు కదా అని కూడా అనుకుంది, సిగ్గేసింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఒకసారి పాలవాడు వచ్చాడు. ఒకసారి గాలికే తెరుచుకుంది. అలా నాటకం అయిపోయింది. రంగస్థలం మీద పిల్లవాడు జ్వరంతో పడుకుని తనకి తానే, నిద్రపో, నిద్రపో, పొద్దున్నకి జ్వరానికే విసుగొచ్చి పోతుంది అని చెప్పుకుంటుంటే హాలంతా ముక్కు చీదింది. ఆ మాట ఆమెది. ఆ జ్వరం వచ్చినప్పుడు వాడి తల ఆమె ఒళ్లో ఉంది.

తెర వెనక మొహాలకి రంగు కడుక్కుంటున్న వాళ్లని తప్పించుకుంటూ వెళ్లి వాడి ఎదుట నిలబడింది. “నేనెక్కడ్రా?” అంది.

“ఎక్కడంటే?”

“ఇల్లుంది, నాన్నున్నాడు, డబ్బాలున్నాయి. కిటికీ అట్టముక్క కూడా మర్చిపోలేదు నువ్వు. నేనెక్కడ?”

వాడు గుండీ మెలితిప్పాడు. “నువ్వుంటే వాడు ఒంటరివాడెలా అవుతాడక్కా? నువ్వొస్తే నాటకమే లేదు,” అన్నాడు. తడబడకుండా, ఒక్క గుక్కలో. ఆ మాటకి కోపం తెచ్చుకోవాలో పొంగిపోవాలో ఆమెకి ఆ రోజు తెలియలేదు, ఈ రోజుకీ పూర్తిగా తెలియదు. ఇంటికెళ్తూ బస్సులో రెండూ చేసింది.

కొత్త పెళ్లికూతురు అందుకుంది. ఆమె చదువుతుంటే మొగుడు తన పుస్తకం వదిలేసి ఆమె మొహమే చూస్తున్నాడు. అతను ఒక చిన్న ఇంట్లో పుట్టాడు. తండ్రి కుర్చీలకి, బల్లలకి మెరుగు పెట్టేవాడు. అతనికి రెండేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి పగలంతా పనికి వెళ్లేవాడు. పేరా అయిపోయింది. మరి రెండేళ్ల పిల్లాడు పగలంతా ఏం తిన్నాడు, ఎవరు కడిగారు అని పుస్తకం అడగలేదు, గదిలోనూ ఎవరూ అడగలేదు. కథల్లో పిల్లలు వాళ్లంతట వాళ్లే పెద్దవుతారు. అమ్మ పోయిన మర్నాడు నాన్న ఆమె బడి సంచీని మేకుకి తగిలించి, కొన్నాళ్లు చూద్దాంలే తల్లీ అన్నాడు. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ అవలేదు. అప్పటికి ఇంగ్లీషు వాచకంలో పిల్లీ చాపా పాఠం దాటి కుక్క పాఠంలోకి వచ్చారు. ఆమె చదువు ఆ కుక్క దగ్గరే ఆగిపోయింది. ఈ గదిలో తొలిరోజు టీచరమ్మ బోర్డు మీద కుక్క బొమ్మ వేసి డాగ్ అని రాసినప్పుడు, ఇన్నాళ్లూ ఇక్కడే కూర్చుని ఉన్నావా అని ఆ కుక్కని అడగాలనిపించింది. చంకలో తమ్ముడితో బడి గోడ పక్క నుంచి వెళ్తుంటే లోపల్నుంచి పిల్లల గొంతులన్నీ కలిసి పాఠం అప్పజెప్పడం వినపడేది. ఆమె కాసేపు నిలబడేది. వాడు జడ పట్టుకు లాగేవాడు, పద పద అన్నట్టు. అప్పటికి వాడికి మాటలు రావు. ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా నత్తితో వచ్చాయి.

ఇప్పుడు మొగుడు చదువుతున్నాడు, పెళ్లాం వేలు పెట్టి చూపిస్తోంది. అతనికి నత్తి ఉండేది. పిల్లలు నవ్వేవారు. అతను పిల్లలతో ఆడుకునేవాడు కాదు. నత్తికి వాడిన ఇంగ్లీషు మాటని పేజీ అడుగున విడమర్చి చెప్పారు: మాట మొదట్లో ఆగిపోవడం. మొదట్లో కాదు బాబూ, ‘క’ దగ్గర. వాడికి ఏ మాటైనా వచ్చేది, ‘క’ ఉంటే మటుకు గొంతులో గొళ్లెం పడేది. దుకాణానికి పంపి కొవ్వొత్తి తెమ్మంటే సబ్బు తెచ్చేవాడు. దుకాణంవాడు ఏం కావాలని అడిగితే కొవ్వొత్తి రాదు, సబ్బు వస్తుంది, వచ్చిందే చెప్పి, వాడిచ్చిందే పట్టుకుని వచ్చేసేవాడు. ఇంటి నిండా సబ్బులు, దీపానికి దిక్కు లేదు. ఆమె ఏమీ అనేది కాదు, మళ్లీ తనే వెళ్లి కొవ్వొత్తి తెచ్చేది. ఆకలి వేస్తోందా అంటే లేదనేవాడు, ఎందుకంటే ఆకలి అనాలంటే ‘క’ అనాలి. లేదు అంటే లేదని కాదు, రాలేదని. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. నాన్నకి కూడా తెలియదు. ఆమెని పిలిచేటప్పుడు మాత్రం వాడికి గొళ్లెం పడేది కాదు. మిగతా మాటల్లో అడ్డం పడే ‘క’ అక్కా అనే పిలుపులో నున్నగా జారి వచ్చేది. పొద్దస్తమానం అక్కా, అక్కా, అక్కా. ఒకోసారి చెవులు మూసుకునేది.

“వెరీ నైస్. నెక్స్ట్,” అంది టీచరమ్మ. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. ఆయన చదివే తీరు స్టాపులు పిలిచినట్టు ఉంటుంది, ప్రతి మాటకీ బ్రేకు. అతను. పగలంతా. వంటగదిలో. ఒంటరిగా. ఉండేవాడు. గరిటెలతో, చెంచాలతో మాట్లాడేవాడు. గరిటె ఒక రాజు. చెంచా ఒక ముసలమ్మ. అలా మాట్లాడీ మాట్లాడీ నత్తి పోయింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు. పక్కన బొమ్మ ఉంది: బల్ల ముందు పిల్లవాడు, చేతిలో గరిటె. బొమ్మ వేసినాయన పిల్లవాడి ఎదుట ఒక ఖాళీ కుర్చీ కూడా వేశాడు, పేజీ బోసిగా ఉండకూడదని కాబోలు. ఆ చెంచా ఆమె. ముసలమ్మ గొంతు ఆమెది. ఒకరోజు చెయ్యి కాలి, ఏడుపు మాన్పడానికి, ఏమయ్యా గరిటె రాజుగారూ మీ రాజ్యంలో మా చెయ్యి కాలిందేమిటి అని చెంచాతో అడిగితే, వాడు గరిటె పైకెత్తి, “కాలితే కాలనీ, కొత్త చెయ్యి కొనిస్తాం” అన్నాడు. నాలుగు ‘క’లు, నాలుగూ గడగడా వచ్చాయి. ఆమె చెయ్యి మంట మర్చిపోయింది. వాడు వాడుగా ఉంటే రాని మాట ఇంకొకడుగా ఉంటే వస్తుందని ఆ పూట ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పెద్దయ్యాక వాడు చేసిందీ అదే, అందరి నోళ్లలోంచీ మాట్లాడాడు.

ఆ నోళ్లలో చాలావాటిలో ఆమె ఉంది. ఆమె హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోజుల్లో వాడు వెనక తలుపు దగ్గరికి వచ్చి, ఉతకాల్సిన గుడ్డల మూట మీద కూర్చుని, ఏదో ఒకటి చెప్పక్కా అనేవాడు. ఏం చెప్పను, ఇవాళ ఫలానా గది దుప్పటి మీద సిరా పడిందని చెప్పేది, పై ఆఫీసరు మంచివాడే కానీ ఇస్త్రీ పెట్టె లాంటివాడు, వెచ్చగా ఉంటే పని అవుతుంది వేడెక్కితే మరక పడుతుంది అని చెప్పేది. కొన్నాళ్లకి ఏదో నాటకంలో ఒక మంత్రిగారి భార్య ఆ మాట అనేది, జనం పగలబడి నవ్వేవాళ్లు. ఆమె ఏ నాటకమూ వదల్లేదు. ఈసారి నా మాట ఎవరి నోట్లో పెట్టాడో చూద్దామని వెళ్లేది. ఒకసారి దొంగ నోట్లో, ఒకసారి చచ్చిపోయి దెయ్యమైన న్యాయాధికారి నోట్లో. ఏ నాటకంలోనూ ఒక్క అక్క పాత్ర కూడా లేదు.

తర్వాత ఆ రేడియో. ఇస్త్రీ గదిలో అలమారా మీద ఉండేది, ఆవిరికి తడిసి గరగరలాడేది. తమ్ముడు మాట్లాడబోతున్నాడని ఆమే అందరికీ చెప్పింది, పెద్దది చెయ్యమంది. పనివాళ్లందరూ ఇస్త్రీ పెట్టెలు నిలబెట్టి విన్నారు. అడిగే ఆవిడ గొంతు తేనెలా ఉంది. మీ బాల్యం గురించి చెప్పండి అంది, చెప్పాడు. మీ నాన్నగారి గురించి అంది, చెప్పాడు. మీకు తోబుట్టువులు? అంది. గరగర. లేరు, అన్నాడు. తర్వాత ప్రశ్న వేరే దాని మీదకి వెళ్లిపోయింది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. మడతలు పెట్టే ఆవిడ, చెడ్డది కాదు, ఊరికే హాస్యానికి, “ఏమ్మోయ్, ఇన్నాళ్లూ మా చెవుల్లో పూలు పెట్టావా?” అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏం చేస్తుంది. ఆ రోజు తర్వాత వాడు తన తమ్ముడని ఆమె ఒక్కరితో అనలేదు. అనడానికి మాట ఉంది, నమ్మడానికి మనిషి లేడు.

వాడు మళ్లీ వచ్చాడు. వర్షం పడుతోంది, మూట మీదే కూర్చున్నాడు. ఆమె తలెత్తకుండా దుప్పటి అంచు లాగుతూ, “లేనిదాని దగ్గరికి ఎందుకొచ్చావు నాయనా?” అంది. వాడు నోరు తెరిచాడు. అ, అన్నాడు. అ, అ, క్, అన్నాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడనరం పొంగింది, కళ్లల్లో నీళ్లు నిలిచాయి. ఆ పిలుపుకి ఎప్పుడూ పడని గొళ్లెం ఆ పిలుపుకే పడింది. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అటు వచ్చేలోపు వాడు లేచాడు, తల అడ్డంగా ఊపాడు, వానలోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. జబ్బు చేసిందని పేపర్లో రాశారు. చచ్చిపోయాడనీ పేపర్లోనే రాశారు. నాటకాల హాల్లో వాడిని ఉంచితే చూడ్డానికి వెళ్లింది. గుమ్మం దగ్గర కుర్రాడెవరో, ఇంటివాళ్లు ఇటు, చూడ్డానికొచ్చినవాళ్లు అటు అంటున్నాడు. వాడికి పెళ్లీ పెటాకులూ లేవు. ఇటు వైపు తాడు కట్టి, తివాచీ పరిచి ఉంది. దాని మీద మనిషి అన్నవాడు లేడు. ఆమె అటు వైపు వరసలో, ఊరందరి వెనకా నిలబడింది. దగ్గరికి వచ్చేసరికి ఆగొద్దమ్మా, నడవండి నడవండి అన్నారు.

నత్తి మళ్లీ ఎప్పుడూ రాలేదట. డ్రైవరు ఆ వాక్యం చివర బ్రేకు వేసి, గెలిచినట్టు ఆమె వైపు చూశాడు, ఇక నీ స్టాపే అక్కా అన్నట్టు. టీచరమ్మ చేత్తో సైగ చేసింది. ఆమె పుస్తకం కళ్లకి దగ్గరగా ఎత్తుకుంది. హి హ్యాడ్, అంది. అక్కడ ఆగింది. గదిలో ఫ్యాను సణుగుతోంది, సరిగ్గా ఆ రేడియోలాగే. గరగర. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆ గరగర ఎంతసేపు ఉంది? రేడియోది అనుకుంది ఆ రోజు, ఆవిరికి తడిసింది కదా అనుకుంది. ఆ ఖాళీలో వాడు ఏం చేస్తున్నాడు? తోబుట్టువులు ఉన్నారా అని అడిగితే ఏమనాలి వాడు. ఒక అక్క ఉంది అనాలి. ఒక, అక్క. ఉన్నవే రెండు మాటలు, రెండింట్లోనూ ‘క’, ఒకదాంట్లో వత్తుతో సహా. ఊరంతా వింటోంది, నత్తి పోయిన గొప్పవాడి గొంతు వింటోంది, పక్కన గరిటె లేదు, చెంచా లేదు. వచ్చే మాట ఒకటుంది, చిన్నప్పట్నుంచీ ఆదుకున్న మాట. లేరు. దుకాణంలో సబ్బు అన్నట్టే అన్నాడేమో. ఇది నిజమో, ముసలి మనసు తనకి తాను కప్పుకుంటున్న దుప్పటో ఆమెకి తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు.

“నో, అక్కా. నో,” అని డ్రైవరు పక్క నుంచి గుసగుసగా అందించాడు, ఆ మాట తెలియక ఆగిందనుకుని.

“నో,” అంది ఆమె. “హి హ్యాడ్ నో బ్రదర్స్ ఆర్ సిస్టర్స్. హి వజ్ ఎ లోన్లీ చైల్డ్. లోన్లీనెస్ వజ్ హిజ్ ఫస్ట్ టీచర్.” ఒక్క అక్షరం తప్పు పోలేదు. వెరీ గుడ్ అంది టీచరమ్మ, నిజంగానే మెచ్చుకుంటూ. ఇంగ్లీషు మొదలుపెట్టాక ఆమె ఇంత శుభ్రంగా చదివింది ఇదే మొదటిసారి.

పుస్తకాలు మూయమన్నారు. ఇప్పుడు ప్రశ్నలు. అతనికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారా? ‘నో, హి డిడ్ నాట్’ అని గదంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. ఆమె పెదవులు కదిపింది, గొంతు కలపలేదు. ఆ తర్వాత టీచరమ్మ, చివర చదివింది ఆమే కాబట్టి, ఆమె వైపే తిరిగి, అండ్ యూ, మీకు ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగింది. అడిగి, ఎప్పటిలాగే ఆగింది. ఏముంది, నో అనొచ్చు. అది వస్తుంది, తేలిక మాట, ఇప్పుడే పైకి చదివింది కూడా. మడతలు పెట్టే ఆవిడ నవ్వు చెవిలో ఒకసారి మోగి ఊరుకుంది. టీచరమ్మ ఇంకా ఆగే ఉంది.

“యెస్,” అంది ఆమె. “ఐ హ్యాడ్. వన్ బ్రదర్. స్మాల్ బ్రదర్.”

హ్యాడ్ అన్నందుకు టీచరమ్మ మొహం మెత్తబడింది. డ్రైవరు తల తిప్పి చూశాడు. అతని పేరేమిటి అని టీచరమ్మ నెమ్మదిగా అడిగింది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు అందరి ఒళ్లలోనూ ఉంది. ఆ పేరు నాన్న బడిలో చేర్పించేటప్పుడు రాయించింది, తర్వాత ఊరు తీసుకుంది. ఊరు తీసుకున్నదాన్ని ఊరికే ఉండనిద్దాం అనుకుంది ఆమె. ఇంట్లో వాడిని ఆ పేరుతో ఎవరు పిలిచారు గనక. ఇంట్లో పిలిచిన పేరు తెలిసినవాళ్లలో నాన్న పోయాడు, వాడూ పోయాడు.

“బుంగమూతి,” అంది.

గది గొల్లుమంది. టీచరమ్మ తన నియమం తనే మర్చిపోయి, “అదేం పేరు పెద్దమ్మా!” అనేసింది. ఆమె చెప్పడానికి చూసింది, ఇంగ్లీషులోనే. హి వాంట్ టు స్పీక్. వర్డ్ ఈజ్ నాట్ కమింగ్. సో... ఆ తర్వాత మాటలు చాలలేదు. రెండు బుగ్గలూ నిండా గాలి పట్టి, పెదాలు బిగించి, కనుబొమలు పైకెత్తి చూపించింది. ఆ వయసు మనిషి అలా బుగ్గలు ఉబ్బించేసరికి నవ్వు ఇంకా పెద్దదైంది. ఎగతాళి నవ్వు కాదు. కొత్త పెళ్లికొడుకు తన పెళ్లాం వైపు వేలు చూపించి సేమ్ టు సేమ్ అన్నాడు, ఆ పిల్ల వెంటనే మూతి ముడుచుకుని సాక్ష్యం చెప్పింది. డ్రైవరు కూడా బుగ్గలు ఉబ్బించి, ఇలాగేనా అక్కా అన్నట్టు చూశాడు. కాదు, ఇంకా, అని ఆమె చేత్తో చూపించింది. ఆయన ఇంకా ఉబ్బించాడు.

మరి దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు అని టీచరమ్మ అందరినీ అడిగింది. యాంగ్రీ మౌత్ అంది మందుల దుకాణం అమ్మాయి. కోపం కాదు, అంది ఆమె. బెలూన్ ఫేస్ అన్నాడు డ్రైవరు. సాడ్ మౌత్ అన్నారు ఎవరో. టీచరమ్మ లావుపాటి నిఘంటువు తీసి అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఒక పేజీ దగ్గర ఆగింది, తల అడ్డంగా ఊపి మూసేసింది. “ఉన్నది ఉన్నట్టే ఉంచుదాం,” అంది. బోర్డు మీద పైన ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది, దాని కింద ఇంకొకటి. రెండో వాక్యం చివరి మాట తెలుగులోనే రాసింది. ఆ బోర్డు మీద తెలుగక్షరం పడటం అదే మొదలు. బెత్తం పెట్టి చూపించగానే అందరూ కలిసి అన్నారు, పాఠం అప్పజెప్పే గొంతులతో, కిటికీ లోంచి కింద వీధిలోకి వినపడేంత గట్టిగా.

“షి హ్యాడ్ వన్ బ్రదర్. హిజ్ నేమ్ వజ్ బుంగమూతి.”

మందుల దుకాణం అమ్మాయి అంది, మొగుడూ పెళ్లాం అన్నారు, డ్రైవరు అందరికన్నా ఒక మాట వెనకగా అన్నాడు. ఆమెకి చెవుల్లో ఏదో అయింది. తన గొంతులో తప్ప ఇంకెక్కడా లేని పేరు అన్ని గొంతుల్లో ఒక్కసారిగా లేచి గది పైకప్పుకి తగిలింది. టీచరమ్మ బోర్డు తుడవడానికి గుడ్డ అందుకుంది.

“ఎగైన్,” అంది ఆమె. కుర్చీలోంచి సగం లేచి ఉందని ఆమెకే తెలియదు. “ఎగైన్, ప్లీజ్.”

టీచరమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. గుడ్డ బల్ల మీద పెట్టి, బెత్తం మళ్లీ ఎత్తింది. వాళ్లు మళ్లీ అన్నారు.